అవ్వ లేచేటప్పుడు తల తిరిగితే

చిరంజీవి అమ్మాయికి,

మీ అవ్వకు మంచం మీంచి లేవగానే కళ్ళు తిరుగుతున్నాయని, బీపీ మాత్ర సగం చేద్దామా అని అడిగావు. మాత్ర జోలికి పోవద్దు. ఆ తిరుగుడు ఏ తరహాదో ముందు తేల్చుకో.

పడుకున్న మనిషి లేచి నిలబడితే అర లీటరు పైచిలుకు రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి జారుతుంది. బీపీ తగ్గిన సంగతిని మెడలోని రక్తనాళాలు, గుండె పైన ఉండే పెద్ద నాళం కనిపెడతాయి, కానీ అది తగ్గాకే. లోచెవి అంతకన్నా ముందే మేలుకుంటుంది. అందులో రెండు చిన్న సంచులుంటాయి. వాటిలో జిగురు పొర మీద సన్నటి సున్నపు పలుకులు పరుచుకుని ఉంటాయి. తల లేచినా వంగినా ఆ పలుకుల బరువు జరిగి, కింద ఉన్న సన్నటి కేశాలను వంచుతుంది. ఆ కబురు మెదడు అడుగుభాగానికి చేరి, నరాల గుండా కాళ్ళలోని నాళాలను బిగిస్తుంది. వయసు మీదపడేకొద్దీ ఈ ముందు కబురు బలహీనపడుతుంది. దానికి మూత్రం పోయే మాత్ర, మన తిరుపతి ఎండ, చాలీచాలని నీళ్ళు తోడైతే లేవగానే కళ్ళు చీకట్లు కమ్ముతాయి.

బీపీ మిషన్ ఇంట్లో ఉంది కదా. అవ్వను ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి చూడు. తర్వాత గోడ పక్కన నిలబెట్టి ఒక నిమిషానికి, మూడో నిమిషానికి మళ్ళీ చూడు. చెయ్యి కిందికి వేలాడితే అంకె ఎక్కువ చూపి, పడిపోయిన బీపీ కూడా బాగున్నట్టే కనపడుతుంది. అందుకని మోచేతిని గుండె ఎత్తులో నువ్వే పట్టుకో. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే అది నిలబడినప్పుడు బీపీ పడిపోవడమే. పొద్దున మాత్రకు ముందొకసారి, టిఫిన్ తిన్న గంటకొకసారి చూడు. తిన్నాక రక్తం పొట్ట వైపు మళ్ళుతుంది.

అంకె తగ్గకపోయినా, మంచంలో పక్కకు దొర్లినప్పుడు గది గిర్రున తిరిగి నిమిషంలోపే ఆగిపోతే అది వేరే సంగతి. సంచిలోని పలుకులు ఊడి, పక్కనున్న అర్ధచక్రపు గొట్టాల్లోకి జారి ఉంటాయి. ఈఎన్‌టీ డాక్టరు తలను వరసగా తిప్పి వాటిని వెనక్కి పంపుతారు. దానికి నెలల తరబడి మాత్రలు మింగించకు. తల తిరుగుడు మాత్రల్లో కొన్ని పెద్దవాళ్ళకు వణుకు, నడక బిగుసుకుపోవడం తెస్తాయి. ఇది నేను గట్టిగా చెప్పే మాట.

లేచే పద్ధతి నేర్పించు. పడుకునే పాదాలను ఇరవైసార్లు పైకీ కిందికీ ఆడించాలి. ఒక పక్కకు తిరిగి, లేచి, కాళ్ళు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోవాలి. తొడలు బిగించి నిలబడి, పది లెక్కపెట్టాకే అడుగు వెయ్యాలి. గుండె, కిడ్నీ జబ్బు లేకుంటే లేచే ముందు రెండు గ్లాసుల నీళ్ళు గబగబా తాగడం మేలు చేస్తుంది. రాత్రి బాత్రూం దారిలో చిన్న బల్బు వెలుగుతుండాలి. చెవి తడబడే మనిషికి చీకట్లో కళ్ళ ఆసరా కూడా పోతుంది. పడతానన్న భయంతో రోజంతా మంచం పట్టనివ్వకు. అట్లా పడుకుంటే బీపీ నిలబెట్టే శక్తి ఇంకా సన్నగిల్లుతుంది.

ఇక కొండ మొక్కు. అలిపిరి మెట్లకు పసుపు కుంకుమ పెడుతూ ఎక్కుతానంటోందట. మెట్టుమెట్టుకూ తల వంచి లేవడమంటే మనం పైన చెప్పుకున్న పరీక్షే వేలసార్లు. మొదటి మెట్టుకు పెట్టించి, మిగిలినవి నువ్వు పెట్టు. అంగప్రదక్షిణ మాత్రం అసలొద్దు. దొర్లడం చెవి గొట్టాల్లోకి జారిన పలుకులను కదిలిస్తుంది, పొర్లి లేవగానే బీపీ పడుతుంది. క్యూ కాంప్లెక్స్‌లో గేటు తీశారని అందరూ ఒక్కసారిగా లేచినా అవ్వ లేవకూడదు. పాదాలు ఆడించాకే లెమ్మను.

మాట ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, చెయ్యో కాలో లాగేసినా, నిలబడలేకపోయినా ఇదేదీ చూడకు, వెంటనే 108కి ఫోన్ చెయ్యి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే ఆ రోజే ఈఎన్‌టీకి చూపించు. ఇవేవీ లేకుంటే వారం అంకెలు రాసుకుని, ఆ కాగితంతో పాటు అవ్వ మింగే మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపో. మాత్ర తగ్గించాలా, వేళ మార్చాలా అన్నది అవి చూసి ఆయన చెబుతారు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ