‘ఒకసారి చూడొచ్చు’ అంటే మెచ్చుకున్నట్టా?

సందేహం: ఓటీటీలో కొత్త సినిమా వచ్చినప్పుడల్లా చూసి, మా బంధువుల వాట్సాప్ గ్రూపులో నా అభిప్రాయం నాలుగు ముక్కల్లో రాస్తుంటాను. ఈమధ్య ఒక సినిమా గురించి ‘కథ పాతదే. సెకండాఫ్ సాగదీశారు. ఒకసారి చూడొచ్చు’ అని రాశాను. మా ఆడపడుచు ఫోన్ చేసి ‘నువ్వు చెప్పావని రాత్రి కూర్చుని చూశాం, ఏముంది వదినా అందులో?’ అంది. బాగుందని నేను అనలేదు కదా! ‘చూడొచ్చు’ అంటే పొగడ్తా, కాదా? ఇంకో మాట: ‘చూడదగ్గ సినిమా’ అనాలా, ‘చూడతగ్గ సినిమా’ అనాలా? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీరు పొగడలేదు. అయినా మీ ఆడపడుచు తప్పుగా అర్థం చేసుకుందని కూడా అనలేం. చిక్కంతా ‘వచ్చు’ దగ్గర ఉంది.

‘చూడొచ్చు’ అంటే ‘చూడవచ్చు’. ఈ ‘వచ్చు’ చేసే పని ఒకటి కాదు. ‘సాయంత్రం వాన పడవచ్చు’ అంటే ఊహ. ‘మీరు లోపలికి రావచ్చు’ అంటే అనుమతి. ‘రాజమండ్రి వంతెన మీంచి గోదావరిని చూడవచ్చు’ అంటే వీలు. సినిమా గురించి మాట్లాడేటప్పుడు మనం వాడేది అనుమతికి దగ్గరగా ఉంటుంది: చూస్తానంటే నాకేమీ అభ్యంతరం లేదు, అంతే. అభ్యంతరం లేకపోవడం వేరు, చూడమనడం వేరు. కానీ ఆ మాట అంటున్నది ముందే చూసినవాళ్లు కాబట్టి వినేవాళ్లకు అది సిఫారసులా చెవిన పడుతుంది. మీరు మొదటి అర్థంలో రాశారు, ఆమె రెండో అర్థంలో చదువుకుంది.

సినిమా ఇంటికొచ్చాక ఈ మాట బరువు ఇంకా తగ్గింది. హాలుకు వెళ్లాలంటే టికెట్టు కొనాలి, దారి ఖర్చు ఉంటుంది. 1980లలో వీడియో క్యాసెట్ అద్దెకు తెచ్చుకున్నా ఎంతో కొంత చెల్లించి, మళ్లీ తీసుకెళ్లి ఇచ్చిరావాలి. అప్పుడు ‘చూడొచ్చు’ అంటే పెట్టిన డబ్బు వృథా పోదన్న హామీ అందులో ఉండేది. ఇప్పుడు చందా ముందే కట్టేసి ఉంటుంది, పోయేది సమయమొక్కటే. అందుకే జనం ‘చూడొచ్చు’ను ఒంటరిగా వదలడం లేదు. ‘ఖాళీగా ఉంటే చూడొచ్చు’, ‘ఫార్వర్డ్ చేసుకుంటూ చూడొచ్చు’, ‘కూరలు తరుగుతూ చూడొచ్చు’ అంటున్నారు. ఈ చివరి మాట నాకెంతో ఇష్టం. తెర వంక చూడకపోయినా మాటలు వింటే చాలు, కథ తెలిసిపోతుందని అందులో ఉంది. దర్శకుడు బొమ్మల్లో కథ చెప్పలేకపోయాడన్న విమర్శను అంత క్లుప్తంగా చెప్పడం తేలిక కాదు. తీర్పు క్రియలో కన్నా దాని ముందు పెట్టే మాటలోనే ఉంటుంది. మీరూ అలా ఒక మాట చేర్చి ఉంటే ఆడపడుచుకు విషయం అర్థమయ్యేది.

ఇక ‘ఒకసారి’. ‘ఒకసారి ఇటు రండి’ అన్నప్పుడు ఎవరూ లెక్కపెట్టరు, అది మర్యాద కోసం వచ్చిన మాట. ‘ఒకసారి చూడండి’ అన్నా అంతే, బతిమాలడం. అదే ‘చూడొచ్చు’ పక్కన చేరితే సంఖ్య అవుతుంది, రెండోసారికి పనికిరాదన్న సూచన వస్తుంది. ‘ఒక్కసారి చూడొచ్చు’ అని కకారాన్ని ఒత్తితే ఆ సూచన గట్టిపడుతుంది. ‘ఒకసారైనా చూడాలి’ అంటే మాత్రం పెద్ద మెప్పు. అదే ‘ఒకసారి’, చివర ‘ఐనా’ చేరగానే తీర్పు తలకిందులైంది. ‘ఒకసారి చూడరాదూ!’ అన్నామనుకోండి, రూపం వ్యతిరేకార్థకమే అయినా అది చూడమని పోరడమే.

నచ్చని సినిమా గురించి రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ‘చూడకూడదు’ అంటే నిషేధించినట్టు. ‘చూడకపోవచ్చు’ అంటే జనం చూడరేమోనన్న ఊహ. ‘చూడలేకపోయాను’ అంటే తీరిక దొరకలేదని కూడా అనుకుంటారు, కాబట్టి ‘చివరిదాకా కూర్చోలేకపోయాను’ అనడం మేలు. ‘చూడనక్కర్లేదు’ అనేది నాకు అన్నిటికన్నా మంచి మాటగా తోస్తుంది. తీసినవాళ్లను నొప్పించదు, చదివేవాళ్లను మభ్యపెట్టదు.

‘కుటుంబంతో చూడొచ్చు’ అన్నచోట ‘వచ్చు’ మళ్లీ మారుతుంది. అక్కడ చెప్పేది పెద్దల ముందు, పిల్లల ముందు ఇబ్బంది ఉండదని. ‘కుటుంబంతో చూడలేం’ అన్నా అది శక్తి లేకపోవడం గురించి కాదు, సిగ్గుపడాల్సి వస్తుందని. అయితే కుటుంబమంటే ఏడేళ్ల పిల్లా ఉంటుంది, పదిహేనేళ్ల పిల్లాడూ ఉంటాడు. 2021లో కేంద్రం తెచ్చిన ఐటీ నియమాల ప్రకారం ఓటీటీ సంస్థలు తాము చూపే వాటిని యూ, యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ అని వర్గీకరించాలి. 13+ నుంచి పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలు కూడా కల్పించాలి. ఆ వివరం తెర మీద కనిపిస్తుంది. మీరు దాన్ని ప్రస్తావించి, అభ్యంతరం తిట్లకా, నెత్తురుకా, పడకగది దృశ్యాలకా అన్నది ఒక్క మాటలో చెబితే చదివేవాళ్లకు ఎంతో ఉపయోగం.

రెండో సందేహానికి జవాబు: ‘చూడదగ్గ’. ‘చూడటానికి’ అనే అర్థమిచ్చే ‘చూడన్’ అనే తుమున్నర్థక రూపం చివర నకారం ఉంది, అదే ద్రుతం. ద్రుతం చివర ఉన్న మాటను ద్రుతప్రకృతికం అంటారు. దాని మీది పరుషాలు సరళాలవుతాయని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పాడు. అంటే క, చ, ట, త, పలు గ, జ, డ, ద, బలవుతాయి. చూడన్ + తగిన ‘చూడఁదగిన’ అయింది, వాడుకలో ‘చూడదగ్గ’గా నిలిచింది. నకారం రాతలోంచి పోయినా దాని ఫలితం మిగిలింది. చెప్పుకోదగ్గ, నమ్మదగ్గ, గమనించదగ్గ అన్నీ ఈ తోవలో వచ్చినవే. ‘చూడతగ్గ’ అచ్చులోనూ కనిపిస్తోంది, అర్థానికి లోటు లేదు. కానీ ‘ద’ ఉన్న రూపమే నాకు సమ్మతం.

‘పేరుకు తగ్గ సినిమా’ సంగతేమిటని మీరు అడగవచ్చు. ‘కు’ కూడా ద్రుతప్రకృతికమే, పాత పద్యాల్లో అక్కడా సరళమే వస్తుంది. నేటి వచనంలో అవి రెండు విడి మాటలుగా ఉండిపోయాయి, ‘చూడదగ్గ’ మాత్రం ఒకే మాటగా అతుక్కుపోయింది. కాబట్టి ‘ఇంటిల్లిపాదీ చూడదగ్గ సినిమా’ అని కలిపి రాయండి. ‘పేరుకు తగ్గ సినిమా’ అని విడదీసి, తకారంతోనే రాయండి.