మంచు మీద జారినా తప్పు నీదే, తమ్ముడూ

మొన్న పొద్దున భద్రకాళి బండ్ మీద వాకింగ్ చేస్తుంటే మీ బాపు ఆపారు. "మావోడు బ్రాంప్టన్‌ల కారు గుద్దిండట. పోలీసు రాలె, చలాన్ రాయలె. అయినా ఇన్సూరెన్సోళ్లు తప్పంతా నీదే అన్నరట. ఇదేం న్యాయం?" అన్నారు. మంచుకు జారితే తప్పు నాదెలా అవుతుందని నువ్వు పెట్టిన మెసేజ్ అప్పటికే చదివాను. సెలవుకు హనుమకొండ వచ్చినా నాకు ఈ పంచాయితీలు తప్పవు. బ్రాంప్టన్ ఉన్న కెనడా రాష్ట్రం ఒంటారియోలో పదిహేనేళ్లు నెట్టుకొచ్చినవాణ్ణి, అడిగితే నన్నే అడగాలి మరి.

నీ ప్రశ్నకు జవాబు చిన్నది. ముందు ఆగి ఉన్న కారును వెనక నుంచి తగిలావు, కాబట్టి నూటికి నూరు పాళ్లు నీదే. మంచు పడింది, రోడ్డు జారింది, ఏమీ కనపడలేదు అంటే అక్కడి ఇన్సూరెన్స్ రూల్స్ వినవు. చలాన్ సంగతి వేరు, ఇన్సూరెన్స్ వాళ్లు రాసే తప్పు వేరు. ఎవరి తప్పు ఎంతో తేల్చే ఆ రూల్స్‌ను రెగ్యులేషన్ 668 అని వెతుక్కో, బొమ్మలు గీసి మరీ చెప్పారు.

నేనూ నీలాగే వాదించాను. 2011 ఫిబ్రవరి, నేను వెళ్లి ఐదు నెలలు. పాత కరోలా, రాత్రి షిఫ్ట్ అయిపోయి వస్తున్నా. ఎర్ర లైటు చూసి బ్రేక్ తొక్కితే, సబ్బునీళ్లు పడ్డ బండ మీద కాలు జారినట్టు బండి పోయి ముందు కారుకు తగిలింది. దిగి ఏడుసార్లు సారీ చెప్పాను. రూమ్‌కు పోతే మావాళ్లు తిట్టారు, సారీ చెబితే ఒప్పుకున్నట్టేనట. వాళ్లన్నదీ తప్పే. సారీ చెప్పడం తప్పు ఒప్పుకోవడం కాదని అక్కడ 2009లో చట్టమే తెచ్చారు. నన్ను ముంచింది సారీ కాదు, తర్వాత చేసిన తెలివితక్కువ పని.

మన హనుమకొండ చౌరస్తాలో బండ్లు తగిలితే ఏమవుతుంది? ఇరవై మంది మూగుతారు. ఒకాయన సొట్టను చేత్తో తడిమి చూస్తాడు, ఇంకొకాయన "పెద్ద బండోడిదే తప్పు" అంటాడు, ఐదు వందలు చేతిలో పడితే ఎవరి దారి వాళ్లది. నేనూ అదే లెక్కలో మూడు వందల డాలర్లు తీసి ఇచ్చాను. ముందు కారాయన పెద్దమనిషి, సరేనన్నాడు. నంబర్ రాసుకుందామంటే చలికి పెన్ను రాయదు. అరచేతుల మధ్య రుద్ది, నోటితో ఊది, కిరాణా బిల్లు వెనక రాసుకున్నా. ఫోటో ఒక్కటి తీయలేదు. రసీదు ఊసే లేదు. ఆయన బంపర్ మీద గోటితో గీసినంత గీత, అంతే.

మూడు వారాలకు మా ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం. బంపర్ లోపల ఏదో విరిగిందని ఆయన క్లెయిమ్ పెట్టాడు. ఏడు రోజుల్లో చెప్పాల్సింది ఎందుకు చెప్పలేదని నన్ను అడిగారు. మూడు వందలు గంగలో కలిశాయి.

అసలు దెబ్బ అది కూడా కాదు. నెలకు నలభై డాలర్లు మిగులుతాయని నేను కొలిజన్ కవరేజీ తీసుకోలేదు. అక్కడ మామూలుగా మన తప్పు లేని వాటాకు మన కంపెనీయే డబ్బు ఇస్తుంది, తప్పున్న వాటాకు కొలిజన్ ఉంటేనే ఇస్తుంది. అక్కడి ఇన్సూరెన్స్‌ను 'నో ఫాల్ట్' అనేది ఇందుకే. ఆ మాటకు ఎవరి తప్పూ రాయరని అర్థమని మా రూమ్మేట్ చెబితే నమ్మాను. నా వాటా వందకు వంద, కాబట్టి నా రేడియేటర్, బానెట్ ఖర్చు పదిహేడు వందల డాలర్లు నా జేబులోంచే. ఆపైన ప్రీమియం నెలకు తొంభై డాలర్లు పెరిగింది. యాక్సిడెంట్ మామూలుగా ఆరేళ్లు రికార్డులో ఉంటుంది. ఆ రాత్రి క్యాలెండర్ వెనక లెక్క వేశా. ఆరేళ్లూ అలాగే కడితే 6,480 డాలర్లు, అప్పటి రేటు 46 చొప్పున మూడు లక్షలకు రెండు వేలు తక్కువ. గోటి గీతకు! అమ్మకు ఫోన్‌లో "అంతా మంచిదే" అన్నా గానీ నెల రోజులు అన్నం సరిగా దిగలేదు.

అందుకే నిన్ను న్యాయం గురించి కాదు, పైసల గురించి ఆలోచించమంటున్నా. ఒక్కటి గుర్తు తెచ్చుకో. ముందు కారు ముందు నుంచీ నీ లేన్‌లోనే ఉందా, పక్క లేన్ నుంచి దూరుతుండగా తగిలిందా? దూరుతుండగా అయితే తప్పు అతని వైపు తిరుగుతుంది. డాష్‌క్యామ్ ఉంటే వీడియో పంపు, లేకపోతే సాక్షిని వెతుక్కో. ఏ రూల్ నంబర్ కింద తప్పు రాశారో, నీ క్లెయిమ్ చూసే కంపెనీ మనిషిని, అంటే అడ్జస్టర్‌ను, ఈమెయిల్‌లో అడుగు. ఫోన్‌లో అరిస్తే ఏం రాదు, నేను అరిచి చూశా. ఒప్పుకోకపోతే కంపెనీలోనే ఫిర్యాదుల అధికారి ఉంటారు, అక్కడా కాకపోతే కంపెనీలకు బయట ఇలాంటి తగువులు చూసే జనరల్ ఇన్సూరెన్స్ అంబుడ్‌సర్వీస్ ఉంది. ముందే ఆగి ఉన్న కారైతే మాత్రం ఆ టైమ్‌లో ఇంకో షిఫ్ట్ చేసుకో.

ఇన్సూరెన్స్ డబ్బు తీసుకోకుండా నువ్వే కట్టుకుని, దెబ్బలు ఎవరికీ తగలక, ఒక్కో కారు నష్టం 2,000 డాలర్లు దాటకపోతే ప్రీమియం పెంచకూడదని 2016 నుంచి రూల్ ఉంది, మూడేళ్లకు ఒక్కసారే. మిగతా షరతులు చూసుకో. నాకు అప్పట్లో ఆ అదృష్టం లేదు.

రెన్యువల్‌కు బ్రోకర్ దగ్గర నాలుగు రేట్లు అడుగు. వింటర్ టైర్లకు డిస్కౌంట్ ఇవ్వాల్సిందే, అడగకపోతే మనమే నష్టపోతాం. మీ వయసు కుర్రాళ్లు అక్కడ దిగిన వారానికే కొత్త ఫోన్ కొంటారు, టైర్లంటే మాత్రం వచ్చే ఏడు చూద్దామంటారు.

మీ బాపుకు బంపర్ కొంచెం గీసుకుందనే చెప్పాను. ప్రీమియం ఎంత పెరుగుతదని అడిగారు. అది నువ్వే చెప్పుకో, నువ్వు ఆదివారం ఫోన్ చేస్తావని ఆయనతో అన్నాను.