ఉద్యోగం పని మీద ఊళ్ళు తిరిగేవాళ్ళు మంచి తిండి ఎలా తింటారు?

ప్రశ్న అడిగినవారిది శ్రీకాకుళం. కొత్తగా సేల్స్ ఉద్యోగంలో చేరారట, నెలలో సగం రోజులు బయటే. "ఇంట్లో ఉంటే అమ్మ చేతి వంట, బయటికి వెళ్తే లాడ్జి పక్కన దొరికే ఫ్రైడ్ రైస్. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?" అని అడిగారు.

నాది విజయనగరం. రైసు మిల్లు యంత్రాల అమ్మకం, సర్వీసు నా పని. మిల్లులు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళాలి: బర్ధమాన్, రాయ్‌పూర్, గోందియా, కర్నాల్, కోయంబత్తూరు. ఈ ఉద్యోగంలో నాకు బాగా నచ్చే సంగతుల్లో తిండి ఒకటండి. నెట్టుకురావాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

నేను పాటించే పద్ధతి చాలా చిన్నది. ఏ ఊరు వెళ్తే ఆ ఊరివాళ్ళు రోజూ మధ్యాహ్నం ఏం తింటారో కనుక్కుని, వాళ్ళు తినే వేళకే అదే తింటాను. కంపెనీ ఇచ్చే అలవెన్సులో ఎక్కువ భాగం మధ్యాహ్నం భోజనానికే పెడతాను. రాత్రికి పెరుగో, అరటిపళ్ళో, వేడి రొట్టెలో చాలు. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు. పగలంతా బిస్కెట్లతో, టీలతో గడిపేసి, రాత్రి తొమ్మిదిన్నరకి నూనె కారే కూరలు తిని, పొద్దున్న మీటింగులో కడుపు పట్టుకుని కూర్చుంటారు.

ఏం తినాలో ఎవరిని అడగాలన్నది ముఖ్యం. మిల్లు ఓనర్ని అడిగితే మర్యాద కొద్దీ ఏసీ రెస్టారెంటుకి తీసుకెళ్తారు. అక్కడి మెనూలో వందరకాలు ఉంటాయి, అన్నిట్లోనూ ఉండేది ఒకే గ్రేవీ. అందుకే నేను మిషను ఆపరేటర్నో, గుమస్తానో అడుగుతాను. "ఇక్కడ మంచి హోటల్ ఏది?" అని అడగకండి. "నిన్న మీ ఇంట్లో ఏం వండారు?" అని అడగండి. వాళ్ళ ముఖం వెలిగిపోతుంది, వివరంగా చెప్తారు. ఆ తర్వాత "అది బయట ఎక్కడ బాగుంటుంది?" అంటే చాలు. చాలా ఊళ్ళలో అలాంటి చోట్లు స్టేషను దగ్గరో, కోర్టు పక్కనో, లారీ ఆఫీసుల వీధిలోనో ఉంటాయి. పన్నెండున్నరకల్లా వెళ్ళిపోండి. రెండు దాటితే మంచి కూర అయిపోతుంది, మిగిలింది రెండోసారి వేడి చేసి పెడతారు.

బర్ధమాన్ సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి. అది బెంగాల్లో వరి బాగా పండే ప్రాంతం. అక్కడి భోజనాన్ని మనవాళ్ళు చాలామంది "అంతా చేపలే" అని తేల్చేస్తారు. కూర్చుని వరసగా తింటే తెలుస్తుంది దాని అందం. మొదట చేదుగా ఒక కూర, తర్వాత పప్పు, దాంతో పాటు ఏదో ఒక వేపుడు, ఆ తర్వాత చేప, చివర్లో తియ్యటి చట్నీ. దేనికదే అన్నంలో విడిగా కలుపుకోవాలి. మనలా అన్నీ ఒకేసారి వడ్డించుకుని కూర్చుంటే రుచులు కలగాపులగం అయిపోతాయి. అక్కడ మినపప్పుతో పప్పు వండుతారు, అందులో సోంపు, అల్లం పడతాయి. మినపప్పు అంటే మనకి ఇడ్లీ, రొట్టె, పోపు. దాన్నే పల్చగా ఉడికించి అన్నంలోకి పోస్తే మొదటి ముద్దకి కొత్తగా ఉంటుంది, రెండో ముద్దకి కావాలనిపిస్తుంది. దానికి జోడీ ఆలూ పోస్తో, అంటే గసగసాలు మెత్తగా నూరి బంగాళదుంపలకి పట్టించిన కూర. బీరకాయతో కూడా అలాగే చేస్తారు, ఝింగే పోస్తో అంటారు. అది తిన్నప్పుడు నాకు మన బీరకాయ నువ్వుపిండి కూరే గుర్తొచ్చింది. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ నువ్వులకి బదులు గసగసాలు నానబెట్టి నూరి, పచ్చిమిర్చి వేసి చేసింది. ఇప్పుడు మా ఇంట్లో రెండూ వండుతాం. పిల్లలకి గసగసాలది ఇష్టం, నాకు నువ్వుపిండిదే. గసగసాల ధర చూస్తే మాత్రం అది రోజూ వండే కూర కాదు.

అక్కడి మిఠాయిలు సీతాభోగ్, మిహిదానా కూడా వదలకండి. రెండింటికీ 2017లో జీఐ గుర్తింపు, అంటే ఇవి ఫలానా ఊరి సరుకని తెలిపే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిహిదానా అంటే ఆవగింజంత సన్నటి బూందీ. సీతాభోగ్‌లో పాల విరుగుడుతో పాటు బియ్యప్పిండి ఉంటుంది. చూడ్డానికి వండిన సన్నబియ్యం అన్నంలా కనిపిస్తుంది. బియ్యం వ్యాపారం మీద బతికేవాణ్ణి కాబట్టి నాకు దానిమీద ప్రత్యేకమైన అభిమానం.

చేపలు తినేవాళ్ళకి అక్కడ ఆవ నూరి చేసిన చేపల కూర ఉంటుంది. ఆవ పెట్టిన కూరలు తింటూ పెరిగిన మన శ్రీకాకుళం, విజయనగరం నాలుకకి అది ఇట్టే నచ్చుతుంది. ఇంటి వంట గురించి నేను చెప్పదలచుకున్నది కూడా ఇక్కడే ఉంది. మన వంట మనకి ఎంత బాగా తెలిస్తే పక్క రాష్ట్రం వంట అంత బాగా రుచిస్తుంది. కాబట్టి ఇంట్లో ఉన్న రోజుల్లో తినడంతో ఆగకండి. వంటింట్లో అమ్మగారి పక్కన నిలబడి ఒక్కొక్కటీ నేర్చుకోండి. ముందు పనసపొట్టు కూరతో మొదలుపెట్టండి, పనసచెట్లుండే ఉద్దానం పక్కనే ఉండి అది రాకపోతే ఎలా?

శివరాత్రి రోజుల్లో లేత పనసకాయలు బాగా దొరుకుతాయి. పొట్టు కొట్టించి తెచ్చుకుని పసుపు, ఉప్పు, కొంచెం చింతపండు రసం వేసి ఉడికించి, వార్చి, చేత్తో గట్టిగా పిండాలి. తడి మిగిలితే కూర ముద్దయిపోతుంది. నూనె కాస్త ధారాళంగా పోసి సెనగపప్పు, మినపప్పు, ఎండుమిర్చి, జీడిపప్పు, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టి పొట్టు వేయించాలి. ఆవాలు ఎండుమిర్చితో, ఉప్పుతో, కొంచెం నీళ్ళు చిలకరించి నూరి పక్కన పెట్టుకోండి. నూరిన కాసేపటికి ఘాటు ముక్కుకి తగులుతుంది. కూర దింపి, చెయ్యి పెడితే కాలనంత చల్లారాకే ఆవ కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు పోయి ఉత్త చేదు మిగులుతుంది. మా అమ్మ అయితే ఆవ కలిపాక గంట దాకా ఎవరినీ ముట్టుకోనివ్వదు. బెంగాల్లో కూడా ఆవ నూరేటప్పుడు చేదు రాకుండా ఉప్పు, పచ్చిమిర్చి వేస్తారని అక్కడి వంటమనిషి చెప్తే ఎంత సంతోషమేసిందో! ఆ రాత్రి మా అమ్మ ఫోన్ చేసి ఎప్పట్లాగే "ఏటి తిన్నావురా?" అంటే, ఆవ సంగతే అరగంట చెప్పాను.

చద్దన్నం కూడా అంతే. ఒడిశాలో పఖాళ, ఛత్తీస్‌గఢ్‌లో బోరే బాసీ, బెంగాల్లో పాంతా భాత్, మనకి తరవాణి. 2022 మేడే రోజున అందరూ బోరే బాసీ తినాలని ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రే పిలుపునిచ్చారు. ఎండాకాలం రాయ్‌పూర్ వైపు వెళ్తే ఎవరైనా పెడతామంటే మొహమాటపడకుండా తినండి, ఉల్లిపాయ నంజుకుని. ఆ ఎండలో మధ్యాహ్నం మిల్లులో నిలబడాలంటే దాన్ని మించింది లేదు. అక్కడ పొద్దున్న బియ్యప్పిండితో పోసే చీలా, ఆవిరి మీద ఉడికించి పోపు పెట్టే ఫరా కూడా బాగుంటాయి. కర్నాల్లో వెన్న వేసిన పరాఠా. కోయంబత్తూరులో బియ్యం, కందిపప్పు కలిపి వండే అరిసి పరుప్పు సాదం, పైన నెయ్యి.

రైల్లో మాత్రం నేను ఇంటి తిండే తింటాను. పీఎన్‌ఆర్ నంబరుతో సీటు దగ్గరికే భోజనం తెప్పించుకునే ఐఆర్‌సీటీసీ ఈ-కేటరింగ్ ఉంది, అవసరానికి పనికొస్తుంది. అయినా కట్టుకెళ్ళిన పులిహోరకి అది సాటి రాదు. పెరుగన్నం పులిసిపోతుందని భయపడేవాళ్ళు ఇలా చేయండి: మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చని పాలు నిండుగా పోసి, ఒక చెంచా పెరుగు, ఉప్పు కలిపి డబ్బా కట్టండి. పొద్దున్న కట్టింది మధ్యాహ్నానికి తోడుకుని కమ్మగా ఉంటుంది. మీరు ఆమదాలవలస దాకా వెళ్ళి రైలెక్కాలి కాబట్టి ఆ ప్రయాణం కూడా లెక్కలో వేసుకోండి. బ్యాగులో ఒక చిన్న సీసాలో కందిపొడి, ఇంకో దాంట్లో నెయ్యి ఎప్పుడూ ఉండాలి. అన్నం ఎక్కడైనా దొరుకుతుంది, ఒంట్లో బాగోనప్పుడు ఆ రెండూ చాలు.

అన్నం అంటే గుర్తొచ్చింది. ఇంటికి బియ్యం కొనేటప్పుడు పాతవి అడిగి తీసుకోండి. రాగోలు వ్యవసాయ పరిశోధన కేంద్రం తయారుచేసిన శ్రీకాకుళం సన్నాలు మీ జిల్లా రకమే. పాతబడ్డాక వండితే మెతుకు మెతుకూ విడివిడిగా ఉంటుంది. కొత్త బియ్యానికి నీళ్ళు తగ్గించకపోతే ఏ బియ్యమైనా సంకటి అవుతుంది, అది బియ్యం తప్పు కాదు.

చివరగా, వెళ్ళేటప్పుడు చేతులూపుకుంటూ వెళ్ళకండి. నేను పలాస జీడిపప్పు పట్టుకెళ్తాను. మీకు పలాస ఎంతో దూరం లేదు, నేరుగా అక్కడే కొనండి. పెట్టె మీద డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ఉంటుంది. పౌను బరువుకి, అంటే అర కిలోకి కాస్త తక్కువకి, ఇంచుమించు అన్ని గింజలు తూగుతాయని దాని అర్థం. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. ఇవ్వడానికి 240 తీసుకోండి. ఇంట్లో పనసపొట్టు కూరకి, ఉప్మాకి బద్దలు కొనుక్కోండి. రుచి అదే, డబ్బు బాగా మిగులుతుంది.