నాలుగు రోజులు వాయించి పది రోజులు మానేస్తున్నా, సంగీతంలో కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: సార్, నేను వరంగల్‌లో బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం. హాస్టల్లో ఉంటా. టెన్త్ సెలవుల్లో మొదలుపెట్టిన గిటార్ ఇప్పటికీ వాయిస్తున్నా. మా కాలేజీ బ్యాండ్‌లో బేస్ వాయించే సీనియర్ చదువైపోయి వెళ్ళిపోవడంతో ఆ పని నాకు అప్పగించారు. దాచుకున్న డబ్బుతో సెకండ్ హ్యాండ్ బేస్ గిటార్ కొన్నా. ఇప్పుడు రెండూ సరిగ్గా సాగడం లేదు. నాలుగు రోజులు రెండేసి గంటలు కూర్చుంటా, తర్వాత వారం పది రోజులు ముట్టుకోను. ‘నీకు దేనిమీదా నిలకడ లేదు’ అంటున్నారు నాన్న. నిజమేనేమో అనిపిస్తోంది. రోజూ ప్రాక్టీస్ చేయలేనివాడు సంగీతాన్ని కెరీర్‌గా అనుకోవచ్చా?

జవాబు:

బాబూ, ముందు నాన్న మాట సంగతి చూద్దాం. నీ ఉత్తరంలో నిన్ను ఎక్కువ బాధపెడుతున్నది అదే అనిపించింది. టెన్త్ సెలవుల్లో గిటార్ పట్టుకున్న పిల్లల్లో ఎక్కువమంది ఇంటర్ మొదటి సంవత్సరంలోనే అటక మీద పెట్టేస్తారు. నువ్వు ఇంటర్ రెండేళ్ళు, ఎంట్రన్స్ పరీక్షలు, ఊరు మారడం, హాస్టల్ అన్నీ దాటి ఇంకా వాయిస్తున్నావు. దాన్ని నిలకడ లేకపోవడం అనరు. నీకు కుదరనిది రోజువారీ పద్ధతి ఒక్కటే. అది స్వభావంలో లోపం కాదు, ఏర్పాటులో లోపం. ఏర్పాటును మార్చుకోవచ్చు.

బేస్‌కి మారడం కూడా తప్పటడుగు కాదు. 1961లో జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో వాయిస్తున్న రోజుల్లో ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ నుంచి బేస్ వాయించే స్టూవర్ట్ సట్‌క్లిఫ్ చిత్రకళ చదువుకోవాలని వెళ్ళిపోయాడు. అప్పటిదాకా గిటార్, పియానో వాయిస్తున్న పాల్ మెకార్ట్‌నీ ఆ ఖాళీలోకి వచ్చాడు. బేస్ వాద్యకారుడిగా ఆయన ఎక్కడిదాకా వెళ్ళాడో నీకు నేను చెప్పక్కర్లేదు. బ్యాండ్‌కి అవసరమై మారడం మన రంగంలో మామూలే.

ఇక అసలు చిక్కు. నీ లెక్కలో ప్రాక్టీస్ అంటే రెండు గంటలు. ల్యాబ్ ఉన్న రోజు, రికార్డు రాయాల్సిన రోజు రెండు గంటలు దొరకవు. దొరకవు కాబట్టి ఆ రోజు సున్నా. మర్నాడు నిన్నటిది కూడా కలిపి చేద్దామనుకుంటావు, అదీ కుదరదు. నాలుగో రోజుకి ఆ బాకీ వడ్డీతో సహా పెరిగి, గిటార్ బ్యాగు వైపు చూడాలన్నా మనసు రాదు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో బాగా వాయించేవాళ్ళకే ఇది ఎక్కువ. తక్కువ చేస్తే అవమానం అనుకుంటారు.

అందుకే నీకు నా మొదటి షరతు ఇది. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకి అరగంట మించి కూర్చోవద్దు. ఇంకా వాయించాలనిపించినా మొదటి నెల లేచిపో. ఆ మిగిలిన ఆశే మర్నాడు నిన్ను తెచ్చి కూర్చోబెడుతుంది.

అరగంట ఏం సరిపోతుందని అడుగుతావు. వేళ్ళు కొత్తగా నేర్చిన కదలిక నిద్రలో స్థిరపడుతుంది. ఆరు రోజులు అరగంట చొప్పున చేసేవాడికి ఆరు రాత్రులు దక్కుతాయి. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు చేసేవాడికి దక్కేది ఒక్క రాత్రి. గంటలు లెక్కేస్తే ఇద్దరివీ ఒకటే. పైగా పది రోజులు మానేస్తే వేలి కొసల గట్టిదనం తగ్గుతుంది. బేస్ తీగల మీద అది వెంటనే తెలుస్తుంది. మామూలు ఎలక్ట్రిక్ గిటార్ సెట్టులో అన్నిటికన్నా లావు తీగ అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 46 ఉంటే, బేస్‌లో లావు తీగ 105 దాకా ఉంటుంది. మెత్తబడ్డ వేళ్ళతో దాన్ని నొక్కితే నొప్పి, నొప్పి వల్ల మళ్ళీ మానేయడం.

ఆ అరగంట ఎప్పుడన్నది ‘వీలు చూసుకుని’ అని వదిలేయకు. రోజూ తప్పకుండా చేసే ఏదో ఒక పనికి కట్టెయ్. హాస్టల్లో ఉన్నవాడివి కాబట్టి నా సలహా: కాలేజీ నుంచి వచ్చి బ్యాగు దించగానే, ఫోన్ పట్టుకోకముందు. రాత్రి మెస్ అయ్యాక పెట్టుకుంటే పక్క గది నుంచి ఎవరో ఒకరు పిలుస్తారు, నువ్వు వెళ్తావు. రెండు వాద్యాలనూ బ్యాగుల్లోంచి తీసి స్టాండు మీదో, గోడకి మేకు కొట్టి తగిలించో కంటికి కనబడేలా ఉంచు. ఎండ పడే కిటికీ పక్కన మాత్రం వద్దు. బ్యాగు జిప్పు తీసే శ్రమ చిన్నదే, కానీ అలసిపోయి వచ్చిన సాయంత్రం ఆ చిన్నదే అడ్డుపడుతుంది. బేస్‌కి ఒక చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ (వాద్యం శబ్దాన్ని పెంచి హెడ్‌ఫోన్లలో వినిపించే పరికరం) కొనుక్కో. రూమ్మేట్ల కోసమే కాదు. ఆంప్ లేకుండా వాయిస్తే సరిగ్గా వినపడక కుడిచెయ్యి గట్టిగా లాగడం అలవాటవుతుంది. స్టేజీ మీద ఆ అలవాటు మోటుగా వినిపిస్తుంది.

రోజుకొకటి పెద్ద వాద్యం, రెండోది చిన్న వాద్యం. సోమ, బుధ, శుక్రవారాలు బేస్ పెద్దది, మిగతా మూడు రోజులు గిటార్. పెద్దదానికి ఇరవై నిమిషాలు, చిన్నదానికి పది. ఏ రోజైనా గిటారే ముందు వాయించు. బేస్‌తో అలసిన చేతికి గిటార్ మీద సన్నని పనులు లొంగవు. బ్యాండ్ ప్రోగ్రాం దగ్గరపడితే రెండు వారాలు బేస్‌కే ఎక్కువ ఇవ్వు. కానీ గిటార్‌ని అయిదు నిమిషాలైనా ముట్టుకో.

బేస్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. గిటార్ నుంచి వచ్చినవాళ్ళు దీన్ని తేలిక అనుకుని పొరబడతారు. సగం నిజమే. బేస్ నాలుగు తీగలూ గిటార్‌లో లావు తీగలు నాలుగింటి స్వరాలే: ఈ, ఏ, డీ, జీ. ఒక స్థాయి కింద ఉంటాయంతే. కాబట్టి ఫ్రెట్‌బోర్డు, అంటే ఫ్రెట్లనే లోహపు మెట్లు ఉన్న మెడ భాగం, నీకు వచ్చినట్టే. గిటార్లు తయారుచేసే అమెరికన్ లియో ఫెండర్ 1951లో తెచ్చిన ఫ్రెట్ల బేస్‌కి ప్రెసిషన్ అని పేరు పెట్టాడు. నిలబెట్టి వాయించే పెద్ద బేస్‌లో స్వరస్థానం చెవితో వెతుక్కోవాలి, ఇందులో ఫ్రెట్టే పట్టిస్తుంది. శ్రుతి అంతా ఫ్రెట్లే చూసుకుంటే ఇక నీ చేతిలో ఉన్నది ఏమిటి? కాలం. స్వరం ఎప్పుడు మొదలవ్వాలి, ఎంతసేపు ఉండాలి, ఎక్కడ ఆగాలి. బేస్ ప్రాక్టీస్ అంటే చాలావరకు ఇదే.

అందుకని ఒక్కటే స్వరం తీసుకో. సమానంగా క్లిక్కులు కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60లో పెట్టి, చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి మీటు. క్లిక్కు మీద స్వరం మొదలవ్వాలి, తర్వాతి క్లిక్కు దగ్గర కచ్చితంగా ఆగాలి. తర్వాత అదే స్వరాన్ని సగంలో ఆపు. ఆ నిశ్శబ్దం కూడా ప్రతిసారీ ఒకే పొడవు ఉండాలి. ఇది కుదిరాక మెట్రోనోమ్‌ని 40కి తగ్గించి, నాలుగు దెబ్బల తాళంలో ఆ క్లిక్కులను రెండో దెబ్బ, నాలుగో దెబ్బ అనుకో. అంటే నీ పాట నడక 80. ఒకటి, మూడు నువ్వే మనసులో నిలబెట్టుకోవాలి. మొదటి వారం చిరాకు పుడుతుంది. మూడో వారానికి మీ డ్రమ్మరే అడుగుతాడు, ఏం చేస్తున్నావురా అని. వాయించని తీగలు మోగకుండా కుడిచేతి బొటనవేలును లావు తీగల మీద ఆనించి అణచడం కూడా ఈ ప్రాక్టీస్‌లోనే అలవాటు చెయ్.

ఎడమచేతి విషయంలో జాగ్రత్త. గిటార్‌లో మోగే తీగ పొడవు 25 అంగుళాల చుట్టుపక్కల ఉంటే బేస్‌లో సాధారణంగా 34 ఉంటుంది. మొదటి అయిదు ఫ్రెట్లలో గిటార్‌లా ఫ్రెట్టుకొక వేలు చాచకు. చూపుడు, మధ్య, చిటికెన వేళ్ళతో మూడు ఫ్రెట్లే పట్టు, మిగతాదానికి చెయ్యి జరుపు. మణికట్టు ఒంగకుండా చూసుకో. వేలి కొస మంట మామూలే. మణికట్టులో, మోచేతిలో నొప్పి వచ్చినా, వేళ్ళు తిమ్మిరెక్కినా ఆ రోజుకి ఆపెయ్. రెండు మూడు రోజులకీ తగ్గకపోతే డాక్టర్‌కి చూపించు. నొప్పి ఓర్చుకుని వాయించి నెలల తరబడి చెయ్యి పక్కన పెట్టాల్సి వచ్చిన కుర్రాడిని నేను చూశాను.

గిటార్ రోజుల్లో మన దగ్గరున్న ఒక మంచి వస్తువు వాడుకో. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు మాయామాళవగౌళలో సరళి వరసలు మూడు కాలాల్లో పాడతారు. అదే గిటార్ మీద చెయ్. ఒకే తీగ మీద, వదిలిన తీగ స అనుకుంటే, తర్వాత 1, 4, 5, 7, 8, 11, 12 ఫ్రెట్లు రి గ మ ప ద ని స. మెట్రోనోమ్ మార్చకుండా క్లిక్కుకి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. రోజూ ఒక్క వరస చాలు. పాశ్చాత్య వాద్యం మీద మన సంగీతమేమిటి అనుకోకు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఆ పనే చేసి చూపించారు. నాలుగు జతల తీగల వాద్యాన్ని వదిలి, అయిదు విడి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కచేరీలు చేశారు. వేగం పెంచాలనుకున్నప్పుడల్లా ఒక నియమం: మూడుసార్లు వరసగా తప్పు రాకుండా వచ్చాకే నాలుగు క్లిక్కులు పెంచు. తప్పు వస్తే వెనక్కి రా.

ఒక నోటుపుస్తకం పెట్టుకో. రోజుకి ఒక్క గీత: తేదీ, ఏం వాయించావు, ఎంత వేగం. ఆదివారం ప్రాక్టీస్ లేదు. ఆ రోజు ఒక పాట మొదటి నుంచి చివరిదాకా ఫోన్‌లో రికార్డు చెయ్, వెంటనే వినకు, వచ్చే ఆదివారం విను. వారం గడిస్తే తప్పులు వేరేవాడివిలా వినిపిస్తాయి, దిద్దుకోవడం తేలిక. బేస్ మాత్రం హెడ్‌ఫోన్లలోనే విను. బేస్ లావు తీగ పలికే ‘ఈ’ (E) స్వరం దాదాపు 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్‌లోంచి అది రాదని ఈసీఈ విద్యార్థికి నేను చెప్పక్కర్లేదు.

తప్పిపోయే రోజులు వస్తాయి. ఒక రోజు పోతే పోనీ, రెండో రోజు మాత్రం తప్పకు. మిడ్ పరీక్షలు, జ్వరం, ఇంటికి ప్రయాణం ఉన్న రోజులకి అయిదు నిమిషాల ప్రాక్టీస్ ముందే అనుకుని ఉంచుకో: శ్రుతి చేసి, ఒక్క వరస వాయించి, పుస్తకంలో గీత రాసి లేవడం. పోయిన రోజు బాకీ తీర్చే పని పెట్టుకోకు.

ఇప్పుడు కెరీర్. స్టేజీ బ్యాండ్లు, గాయకుల షోలు, పెళ్ళి సంగీత్‌లు, రికార్డింగులు, పాఠాలు చెప్పడం: వాద్యకారుడి సంపాదన ఇలా నాలుగైదు చోట్ల నుంచి కలిసి వస్తుంది, ఒక్క చోట జీతంగా అరుదు. రికార్డింగుల్లో బేస్‌ని కీబోర్డు మీదే చేసేసే సందర్భాలు చాలా ఉంటాయి కాబట్టి మొదట స్టేజీ వైపే చూడు. గిటార్, బేస్ రెండూ వచ్చినవాడికి అక్కడ పిలుపులు ఎక్కువే. పిలిచేవాళ్ళు చూసేది వేగం కాదు. రాత్రి పాట పంపితే పొద్దుటికి నేర్చుకుని వస్తావా, కార్డ్ చార్టు (పాటలో ఏ కార్డ్ ఎక్కడ వస్తుందో రాసిన కాగితం) చూసి వాయిస్తావా, చెప్పిన టైముకి సౌండ్ చెక్‌కి ఉంటావా అని చూస్తారు. ఈ మూడూ రోజువారీ పద్ధతి ఉన్నవాడికే వస్తాయి. నీ ప్రశ్నకి సూటి జవాబు కూడా ఇదే: ఇప్పుడున్న తీరులో కెరీర్ అనుకోవద్దు, ఏడాది పాటు ఆ పుస్తకం నిండాక అనుకో.

ఈ ఏడాదికి ఒక గురి ఉంటే మంచిది. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళ రాక్ అండ్ పాప్ పరీక్షలు ఇనిషియల్ నుంచి గ్రేడ్ 8 దాకా ఉంటాయి, గిటార్‌కి, బేస్‌కి వేర్వేరుగా. మూడు పాటలు, వాటితో పాటు అప్పటికప్పుడు వాయించే పరీక్ష ఒకటి. బేస్‌లో నీ స్థాయికి తగ్గ గ్రేడ్ ఎంచుకో. ఆ సర్టిఫికెట్ ఉద్యోగం ఇవ్వదు కానీ రేపు పాఠాలు చెప్పేటప్పుడు పనికొస్తుంది, తేదీ పెట్టి నిన్ను కూర్చోబెడుతుంది. పూర్తిస్థాయి చదువు కావాలంటే చెన్నైలో ఏఆర్ రెహమాన్ 2008లో మొదలుపెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటివి ఉన్నాయి. బీటెక్ అయ్యాకైనా వెళ్ళొచ్చు. బీటెక్ మధ్యలో వదిలెయ్యమని మాత్రం నేను చెప్పను. సిగ్నల్ ప్రాసెసింగ్ శ్రద్ధగా చదివితే సౌండ్ ఇంజనీరింగ్ తలుపు కూడా నీకు తెరిచే ఉంటుంది.

నాన్నతో ఇప్పుడు వాదన పెట్టుకోకు. బేస్ ఎందుకు కొన్నావో, బ్యాండ్‌లో నీ పని ఏమిటో ఒకసారి నెమ్మదిగా చెప్పి ఊరుకో. సెలవులకి ఇంటికి వెళ్ళేటప్పుడు నోటుపుస్తకం, మొదటి ఆదివారం రికార్డింగు, చివరి ఆదివారం రికార్డింగు తీసుకెళ్ళి రెండూ ఆయనకి వినిపించు. సంగీతం తెలియనివాళ్ళకి కూడా ఆ తేడా తెలుస్తుంది. ఆయన ఏమన్నారో, పుస్తకంలో ఎన్ని గీతలు పడ్డాయో నాకు రాయి. గ్రేడ్ సంగతి అప్పుడు తేల్చుకుందాం.