హైడ్రోజన్ మీద పరిశోధనా? ముందు ఒక్క డేటా క్యూబ్ తెరవమనండి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఫిజిక్స్ రెండో ఏడాదిలో ఉంది. రేడియో టెలిస్కోపులతో దగ్గరి గెలాక్సీల్లోని హైడ్రోజన్ వాయువును సర్వే చేసే పరిశోధనలోకి వెళ్తానంటోంది. రాత్రంతా ఆకాశం చూస్తూ కూర్చుంటే రేపు ఉద్యోగం ఎవరిస్తారని మా టెన్షన్. ఏం చెప్పమంటారు?

జవాబు: ముందు ఆ రాత్రి జాగారం సంగతి మర్చిపోండి సార్. రేడియో టెలిస్కోపులు పట్టపగలు కూడా పనిచేస్తాయి, వాటిలో కన్ను పెట్టి చూసేదేమీ ఉండదు. మీ అమ్మాయికి రోజులో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందే గడుస్తుంది. నక్షత్రాలంటే ఇష్టం చాలామందికి ఉంటుంది కానీ, చెత్త నిండిన డేటాను నెలల తరబడి శుభ్రం చేసే ఓపిక కొందరికే ఉంటుంది, తను ఆ కొందరిలో ఉందా లేదా అన్నది మీరిద్దరూ తేల్చుకోవాలి.

పని ఇదీ. తటస్థ హైడ్రోజన్ పరమాణువు 21 సెంటీమీటర్ల రేడియో తరంగాన్ని, అంటే 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సిగ్నల్‌ను వదులుతుంది. ఒక్క పరమాణువు తనంతట తాను ఆ పని చేయాలంటే సగటున కోటి ఏళ్లు పైనే పడుతుంది, కానీ గెలాక్సీలో పరమాణువులు లెక్కకు అందనన్ని ఉంటాయి కాబట్టి మనకు వినబడుతుంది. ఇలాంటి సిగ్నల్ ఉండాలని డచ్ శాస్త్రవేత్త వాన్ డి హుల్స్ట్ 1944లో లెక్కగట్టి చెప్పాడు, 1951లో హార్వర్డ్‌లో యూవెన్, పర్సెల్ దాన్ని పట్టుకున్నారు. కిటికీలోంచి బయటికి పెట్టిన ఒక పెద్ద గరాటు లాంటి యాంటెన్నాతో! యూవెన్‌కు అది పీహెచ్‌డీ పని, అప్పటికింకా విద్యార్థే.

నక్షత్రాలు పుట్టేది వాయువులోంచే, అందుకే దాని మీద ఇంత శ్రద్ధ. పైగా వాయువు చాలా గెలాక్సీల్లో నక్షత్రాల వెలుగు ఆగిపోయిన చోటుకు చాలా బయటిదాకా పరుచుకుని ఉంటుంది, అక్కడ కూడా అది తిరిగే వేగం తగ్గకపోవడం డార్క్ మ్యాటర్ (కంటికి కనబడని పదార్థం) ఉందనడానికి గట్టి ఆధారాల్లో ఒకటి. ఎం81, ఎం82 అనే గెలాక్సీలను మామూలు ఫొటోలో చూస్తే దేనికది విడిగా కనిపిస్తాయి, హైడ్రోజన్ మ్యాపులో చూస్తే రెంటి మధ్యా వాయువు వంతెనలు సాగి ఉంటాయి. ఒకదాన్నొకటి లాక్కున్న గుర్తులవి.

ఇప్పుడు అమ్మాయికి పరీక్ష. అమెరికాలోని వీఎల్ఏ అనే రేడియో టెలిస్కోపుతో 34 దగ్గరి గెలాక్సీలను చూసిన 'థింగ్స్' అనే సర్వే డేటా ఉచితంగా దొరుకుతుంది. ఒక గెలాక్సీ డేటా క్యూబ్ డౌన్‌లోడ్ చేసి, డీఎస్9 లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవమనండి. ఒక్కో పౌనఃపున్యానికి ఒక్కో బొమ్మ, పేకముక్కల కట్టలా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ముక్క తర్వాత ముక్క జరుపుతూ పోతే వెలుగు మొదట ఒక అంచున కనిపించి, మధ్యలోకి వచ్చి, రెండో అంచుకు జారిపోతుంది. గెలాక్సీ తిరుగుతోందని కళ్లతో చూడటమంటే అదే, ఒకవైపు మన దగ్గరికి వస్తుంటే రెండోవైపు దూరమవుతోంది. దగ్గరికొచ్చే వైపు సిగ్నల్ పౌనఃపున్యం కాస్త పెరుగుతుంది, దూరమయ్యే వైపు తగ్గుతుంది, అందుకే ఒక్కో ముక్కలో ఒక్కో చోట వెలుగు. ఆ క్యూబ్ నుంచి పైథాన్‌తో భ్రమణ వేగాల గ్రాఫు గీయమనండి. నెల రోజులు పట్టినా పర్లేదు. మధ్యలో ప్రోగ్రాము పదిసార్లు మొరాయిస్తుంది, అప్పుడు చిరాకు పడి మూసేస్తుందా, అన్నం మరిచి దాని వెంటే పడుతుందా అన్నది ఇంట్లో ఉన్న మీకే ముందు తెలుస్తుంది.

అయినా అది శుభ్రం చేసిన డేటా. టెలిస్కోపు నుంచి నేరుగా వచ్చేది అంత మర్యాదగా ఉండదు. ఉదాహరణకు 1381 మెగాహెర్ట్జ్ దగ్గర జీపీఎస్ ఉపగ్రహాలు అప్పుడప్పుడు సిగ్నల్ పంపుతాయి, మన నుంచి దూరమవుతూ, 1420 నుంచి సరిగ్గా అక్కడికే సిగ్నల్ జారిన గెలాక్సీ ఉంటే అది ఆ గోలలో మునిగిపోతుంది. ఏది గెలాక్సీ, ఏది గోల అని తేల్చడమే ఈ ఉద్యోగంలో సగం.

ఇక బతుకుతెరువు. దాచకుండా చెప్తాను, పీహెచ్‌డీ తర్వాత రెండు మూడేళ్ల పోస్ట్‌డాక్ (తాత్కాలిక పరిశోధక ఉద్యోగం) కాంట్రాక్టులు, వాటి కోసం దేశాలు మారడం మామూలే, శాశ్వత ఉద్యోగాలు తక్కువ. ఈ మాట తనకు ఇప్పుడే చెప్పండి. అయితే నేర్చుకున్నది వృథా పోదు. సిగ్నల్ ప్రాసెసింగ్, గణాంకశాస్త్రం, భారీ డేటాను మోసే ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లను కమ్యూనికేషన్, ఉపగ్రహ, డేటా సైన్స్ రంగాలు తీసుకుంటాయి. ఈ రంగంలోనే ఉండాలన్నా ఖగోళ శాస్త్రవేత్తే కానక్కర్లేదు, రిసీవర్లు తయారుచేసే ఎలక్ట్రానిక్స్ వాళ్లూ సాఫ్ట్‌వేర్ వాళ్లూ లేకపోతే ఏ టెలిస్కోపూ నడవదు. పనీ లేకపోలేదు: పుణె దగ్గర 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్న జీఎంఆర్‌టీ, దక్షిణాఫ్రికాలో 64 డిష్‌ల మీర్‌క్యాట్, చైనాలో 500 మీటర్ల ఫాస్ట్ అనే రేడియో టెలిస్కోపులు నడుస్తున్నాయి, ఆస్ట్రేలియాలో అస్కాప్ 36 డిష్‌లతో 'వాలబీ' అనే హైడ్రోజన్ సర్వే చేస్తోంది, ఎస్‌కేఏ అనే ఇంకా భారీ రేడియో టెలిస్కోపు కట్టడంలో ఉంది.

ఈ రెండేళ్లలో ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ (సిగ్నల్‌ను అందులోని పౌనఃపున్యాలుగా విడదీసే గణితం) మాత్రం బాగా నేర్చుకోమనండి. చాలా డిష్‌లు కలిపి ఒక బొమ్మ తీసే విద్యంతా దాని మీదే నిలబడింది, పరీక్ష కోసం బట్టీ పడితే తర్వాత ఏడుపే. ఆ గ్రాఫు గీయడం అయ్యాక మళ్లీ రాయండి, ఈసారి ఉత్తరం మీరు కాకుండా తననే రాయమనండి.