గని నుంచి నీ కథానాయకుణ్ణి బయటికి తేవాలంటే

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ నవల చేరింది, చదివాను. కొండ కింద రత్నాల గని, దాన్ని నడిపే గురువు, అతని మాట జవదాటని వందలమంది కూలీలు, వాళ్ల మధ్య చిక్కుకుపోయిన నీ సాహసయాత్రికుడు. పుస్తకం మూయబుద్ధి కాలేదు. చిక్కల్లా అతను తప్పించుకునే అధ్యాయంతోనే. కాగడా పట్టుకుని పరుగెత్తాడు, టబ్బులోకి, అంటే పట్టాల మీద ఖనిజం మోసే చిన్న బండిలోకి దూకాడు, వెనక పేలుడు వినిపించింది, ముందు వెలుగు కనిపించింది, బయటపడ్డాడు. సింగరేణి బొగ్గుగనుల్లో ఓవర్‌మ్యాన్‌గా, అంటే కింద పనిని పర్యవేక్షించేవాడిగా, నా ఉద్యోగమంతా మనుషుల్ని కిందికి తీసుకెళ్లి, అందరినీ తిరిగి పైకి తేవడమే. అందుకే ఈ అధ్యాయం గురించి నీకు నిర్మొహమాటంగా రాస్తున్నాను. దీన్ని మొదటి నుంచి మళ్లీ రాయి.

ముందు గాలి సంగతి చూడు. వందలమంది పనిచేసే గనికి ఒకే ద్వారం ఉందని రాశావు. ఇంగ్లండులో హార్ట్‌లీ అనే బొగ్గుగని అలాగే ఉండేది. ఒకే నిలువు బావి, మధ్యలో చెక్క అడ్డుగోడ, ఒక పక్క నుంచి గాలి లోపలికి, ఇంకో పక్క నుంచి బయటికి. 1862 జనవరిలో నీళ్లు తోడే ఇంజను దూలం విరిగి ఆ బావిలో పడింది. దారీ పోయింది, గాలీ పోయింది. 204 మంది చనిపోయారు. ప్రతి బొగ్గుగనికీ రెండు దారులుండాలని ఆ ఏడాదే అక్కడ చట్టం చేశారు. మన దేశపు గనుల నిబంధనలూ అదే చెబుతాయి. నీ గురువుకు చట్టం పట్టకపోవచ్చు, కానీ అతని కూలీలకు ఊపిరి ఆడాలి కదా. అందుకని ఎంత రహస్యంగా తవ్వించినా గాలి కోసం కొండ మీద ఎక్కడో ఇంకో కన్నం పెట్టించి తీరతాడు. దాని సంగతి ఎవరికీ చెప్పడు. నీ అధ్యాయానికి అసలు రహస్యం అదే కావాలి.

ఆ కన్నాన్ని ఎలా కనిపెట్టాలంటావా? నిలబడి, దీపం దించి, చెంపకు గాలి ఏ వైపు నుంచి తగులుతుందో చూసుకోవాలి. తడిపిన వేలు ఇంకా బాగా చెబుతుంది. నీ కథ నడిచేది ఎండాకాలంలో కనుక ఒక మాట గుర్తుపెట్టుకో. ఫ్యాను లేని గనిలో గాలి ఋతువును బట్టి నడుస్తుంది. ఎండాకాలంలో లోపలి చల్లగాలి బరువుగా ఉండి కింది ద్వారం గుండా బయటికి పారుతుంది, దాని స్థానంలోకి పై కన్నం నుంచి కొత్త గాలి దిగుతుంది. చలికాలంలో ఇది తిరగబడుతుంది. లోపలా బయటా వేడి సమానమైన రోజుల్లో గాలి కదలకుండా నిలిచిపోతుంది, కూలీలకు తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. నీ గురువు దాన్ని కొండదేవత కోపమని చెప్పుకోవచ్చు. నీ నాయకుడు మాత్రం ఆ రోజులు ఎప్పుడెప్పుడు వస్తున్నాయో గమనించి, దీని వెనక ఏదో కొలత ఉందని పసిగట్టాలి. అతను తెలివైనవాడని నువ్వు పదేపదే రాశావు. ఆ తెలివి పాఠకుడికి ఇక్కడ కనబడాలి.

ఇక నీళ్లు. నువ్వు నాయకుణ్ణి వాగు వెంట నడిపించావు, అది సరైనదే కావచ్చు, కాకపోవచ్చు. కొండ పక్క నుంచి నేలమట్టంగా తొలిచిన సొరంగమైతే నేలను ద్వారం వైపు కొంచెం వాలుగా తవ్వుతారు, నీళ్లు వాటంతట అవే బయటికి పోవడానికి, నిండిన టబ్బులు తేలిగ్గా దొర్లడానికి. అక్కడ నీటి వెంట వెళితే వెలుగు వస్తుంది. మన ఇంక్లైన్ల లాంటి దిగుడు గనిలో నీటి వెంట వెళితే అన్నిటికన్నా లోతున ఉన్న సంపుకు చేరతాం, అంటే చావుకు. అక్కడ నీటికి ఎదురు నడవాలి. నీ గని ఈ రెండింటిలో ఏదో ముందే తేల్చుకో.

పేలుడు తీసెయ్యి తల్లీ. గాలిలో 5 నుంచి 15 శాతం దాకా మీథేన్ చేరితే నిప్పురవ్వకు పేలుతుంది, నిజమే, కానీ ఆ వాయువు పీడ ముఖ్యంగా బొగ్గుగనులది. 1815లో డేవీ దీపం, అంటే మంట చుట్టూ తీగవల ఉన్న గని దీపం, పుట్టింది దాని కోసమే. రత్నాల గనిలో కాచుకోవలసింది వేరే ఉంది. కుళ్లిన కలప, రాతిలోని ఖనిజాలు ప్రాణవాయువును తినేస్తాయి. మిగిలిన చెడుగాలి బరువెక్కి పాత సొరంగాల అడుగున, గుంతల్లో పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషి కిందికి వంగితే తిరిగి లేవడు, అతణ్ణి లేపబోయినవాడూ అక్కడే పడిపోతాడు. దీపం మంట మొదట చిన్నబోయి, ఎర్రబడి, ఆరిపోతుంది. గనిలో దీపం ఆరడం కన్నా భయం పుట్టించే దృశ్యం నేను ఊహించలేను. నీ నాయకుడు మోకాళ్ల ఎత్తున దీపం పట్టుకుని పాత సొరంగంలో అడుగు పెట్టినప్పుడు, ఛాతీ దగ్గర వెలిగే మంట మోకాలి దగ్గర వణికితే చాలు. పేలుడు అక్కర్లేదు. పైగా నూనె కాగడా ఆ కొద్దిపాటి గాలినీ తినేస్తుంది, విషపు పొగ వదులుతుంది. కాగడాతో పరుగెత్తేవాడు ఎక్కువ దూరం పోలేడు.

టబ్బు సవారీ కూడా వద్దు. తాడు తెగి పరుగెత్తే టబ్బు గనిలో ఎందరి ప్రాణాలో తీసింది. దాన్ని ఆటవస్తువుగా రాస్తే గని కార్మికుడెవడూ ఆ పేజీ దాటడు.

పైకప్పు విషయం మాత్రం తీరిగ్గా రాయి, ఎందుకంటే నీ కథలో లేని మనిషి ఇక్కడే వస్తాడు. గనిలో పైకప్పు కింద నిలబెట్టే కర్ర ప్రాపులు బరువు పెరిగేకొద్దీ మూలుగుతాయి, చిటపటమంటాయి, నారలు లేస్తాయి. ఇనుము బలమైనదే, కానీ పాత కార్మికులకు కర్ర మీదే నమ్మకం, విరిగేముందు హెచ్చరిస్తుంది కనుక. కర్రతో కప్పును తట్టి చూస్తే గట్టి రాయి ఖంగుమంటుంది, వదులైనది డొల్లగా పలుకుతుంది. ఈ చప్పుళ్ల తేడా తెలిసినవాడు టింబర్‌మ్యాన్, అంటే ప్రాపులు నిలబెట్టే పనివాడు. ఊరు కాని ఊరు నుంచి వచ్చిన నీ సాహసయాత్రికుడికి ఇది తెలియదు, తెలిసే వీలు లేదు. కాబట్టి అతని పక్కన ఒక ముసలి టింబర్‌మ్యాన్ ఉండాలి. నీ నవలకు నేనిచ్చే సలహాల్లో పెద్దది ఇదే. ఈ గని నుంచి ఒంటరి వీరుడు బయటపడడు. గనిని తన చేతులతో తవ్వినవాళ్లకే అందులో ఏ దారి ఎటు పోతుందో తెలుసు. నువ్వు వాళ్లను వందల సంఖ్యలో చూపించి, ఒక్కరికీ నోరు ఇవ్వలేదు.

ఉత్తర ఫ్రాన్స్‌లో కూరియేర్ గనుల పేలుడు గురించి చదువు. 1906 మార్చి 10న జరిగింది, 1,099 మంది పోయారు. ఇక లోపల ఎవరూ బతికి లేరని వెతకడం ఆపేశారు. 20 రోజుల తర్వాత 13 మంది తమంతట తామే నడిచి పైకి వచ్చారు. లోపల గుర్రాల కోసం ఉంచిన ఓట్స్ గింజలు తిన్నారు, గుర్రాన్ని కోసుకుని తిన్నారు, చీకట్లో తడుముకుంటూ శవాల మధ్య దారి వెతుక్కున్నారు. వాళ్లెవరూ వీరులుగా పేరుపడ్డవాళ్లు కారు, ఆ గనిలో రోజూ పనిచేసినవాళ్లు. నీ అధ్యాయం ఒక్క రాత్రిలో ముగిసిపోతుంది. దాన్ని కొన్ని రోజులకు పొడిగించు. ఆకలి, దాహం, దీపంలో నూనె ఎంత మిగిలిందన్న లెక్క, ఎవరు ముందు నడవాలన్న తగువు, ఇవన్నీ రానివ్వు. చీకట్లో నడిచేటప్పుడు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకోవాలి, ఒక పాదం టబ్బుల పట్టా మీద నుంచి జారకూడదు. పక్కన పాత పనులు, అంటే తవ్వి వదిలేసిన చోట్లు, ఉంటే వాటి గోడ జోలికి పోకూడదు. ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా బొగ్గుగనిలో 1975 డిసెంబరు 27న అలాంటి పాత పనుల్లో నిలిచిన నీరు విరుచుకుపడి 375 మందిని బలిగొంది. మన గోదావరిఖనిలో 2003 జూన్‌లో 17 మంది నీటి ముంపులోనే పోయారు. ఆ పేర్లు తలచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పూడుకుపోతుంది.

ఇప్పుడు గురువు దగ్గరికి వద్దాం. అతని కాపలాదారుల తుపాకుల గురించి పేజీలకు పేజీలు రాశావు. తుపాకుల కన్నా బలమైనది అతని దగ్గర ఇంకొకటి ఉంది, దాన్ని నువ్వు ముట్టుకోలేదు. మన గనుల్లో కార్మికులు దిగేముందు మైసమ్మకు దండం పెట్టుకుంటారు. బొలీవియాలోని పొటోసీ గనుల్లో కార్మికులు ఎల్ టియో అనే భూగర్భ దేవుడి బొమ్మకు కోకా ఆకులు, సిగరెట్లు, సారాయి సమర్పిస్తారు. రోజూ రాతి కింద పనిచేసేవాడికి ఎవరో ఒకరు తన్ను కాచుకుంటున్నారన్న ధీమా కావాలి. దాన్ని ఎగతాళి చేయకు, రెండుచోట్ల చేశావు, ఆ వాక్యాలు కొట్టెయ్యి. నీ గురువు చేసిన నేరం ఆ భక్తిని దొంగిలించడం. కార్మికుడికీ దేవతకూ మధ్య తాను నిలబడి, నా అనుమతి లేకుండా పైకి వెళితే కొండ కూలి మీద పడుతుందని వాళ్లను నమ్మించాడు. అలా నమ్మినవాడు ద్వారం బార్లా తెరిచి ఉన్నా కదలడు.

గయానాలోని జోన్స్‌టౌన్ చూడు. 1978 నవంబరు 18న అక్కడ ఒక మతగురువు మాట మీద, అతని మనుషుల బలవంతం మీద 900 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎందరో చిన్నపిల్లలు. ఆ ఉదయమే 11 మంది పిక్నిక్‌కు వెళుతున్నామని చెప్పి అక్కడి నుంచి బయటపడ్డారు. చిన్నపిల్లలను కూడా వెంట తీసుకుని అడవి దాటి, రైలు పట్టాల వెంట దాదాపు 50 కిలోమీటర్లు నడిచారు. ఆయుధం లేదు, పెద్ద పథకం లేదు. మామూలు రోజులాగే కనిపించడమే వాళ్లను కాపాడింది. నీ టింబర్‌మ్యాన్ కూడా అలాగే చేయాలి. కప్పు సరిచేయాలని కాపలావాడికి చెప్పి, నలుగురితో కర్రలు, తాళ్లు మోయించుకుంటూ పాత సొరంగం వైపు నడవాలి. అది అతని రోజువారీ పనే, ఎవరూ అడ్డుకోరు. వెంట వచ్చేవాళ్లలో ఒకరు ఇంకా గురువును నమ్ముతూ ఉండాలి. ఆమె కొడుకు కోసం వస్తుంది, నమ్మకం పోయి కాదు. దారంతా కొండ మీద పడుతుందేమోనని ఎదురుచూస్తుంది. ప్రాపు చిటపటమన్న ప్రతిసారీ గురువు మాట నిజమైందనుకుంటుంది. ఆ తల్లిని రాస్తే నీ నవల నిలుస్తుందని నా నమ్మకం.

చివరికి వాళ్లు గాలి కన్నం కిందికి చేరతారు. పైన గుండ్రంగా ఆకాశం కనబడుతుంది, ఎక్కడానికి నిచ్చెన ఉండదు. ఇది నా ఊహ కాదు. 2010 ఆగస్టులో చిలీలోని సాన్ హోసే గని కూలినప్పుడు లోపల చిక్కిన 33 మంది మొదట గాలి మార్గం గుండా పైకి రావాలని ప్రయత్నించారు. అక్కడ ఉండవలసిన నిచ్చెనలు లేవు. మొదటి 17 రోజులు రెండు రోజులకొకసారి రెండు చెంచాల చేపముక్కలు, కొద్దిగా పాలు పంచుకుని బతికారు. 69 రోజుల తర్వాత వాళ్లను పైకి తీశారు, కళ్లకు నల్లద్దాలు పెట్టి. నీ వాళ్లు మోసుకొచ్చిన కర్రలు, తాళ్లు ఇక్కడ పనికొస్తాయి. టింబర్‌మ్యాన్ బావి గోడల మధ్య అడ్డుకర్రలు బిగిస్తూ ఒక్కో మెట్టూ కడతాడు. నీ సాహసయాత్రికుడు కింద నిలబడి కర్రలు అందిస్తాడు.

ఎక్కే వరస తప్పకు. పిల్లలు, గాయపడినవాళ్లు ముందు, నాయకుడు ఆఖరున. 1989 నవంబరులో రాణిగంజ్ ప్రాంతంలోని మహావీర్ గనిలోకి నీళ్లు వచ్చినప్పుడు ఇంజనీరు జస్వంత్ సింగ్ గిల్ మనిషి పట్టేంత గొట్టం లాంటి ఇనుప క్యాప్సూల్‌లో తానే కిందికి దిగి, 65 మందినీ ఒక్కొక్కరిగా పంపించి చివరగా తానెక్కారు. పైకి వచ్చాక తలలు లెక్కపెట్టడం మరిచిపోకు. గనిలో షిఫ్టు ముగిసేది లెక్క సరిపోయినప్పుడే. నీ అధ్యాయంలో నాయకుడు బయటికి రాగానే సూర్యుణ్ణి చూసి నవ్వాడని రాశావు. అన్ని రోజుల చీకటి తర్వాత ఎండను అలా చూడలేడు, కళ్లు మూసుకుని పేర్లు పిలుస్తాడు. కింద ఇంకా వందలమంది ఉన్నారు కనుక తర్వాతి అధ్యాయం వాళ్లది కావాలి. పోలీసులకు కబురు అందేలోపు గురువు గాలి కన్నం మూయించబోతాడు, అది నువ్వు ముందే ఆలోచించుకో.

తిరగరాసిన ప్రతిని పెద్ద అక్షరాలతో ప్రింటు తీయించి పంపు. దానితో పాటు నీ గని పటం ఒక కాగితం మీద గీసి పెట్టు, ద్వారం ఎటు, వాలు ఎటు, గాలి ఎటో బాణం గుర్తులతో చూపించు. పటంలో తప్పుంటే కథ చదవకముందే చెప్పేస్తాను. అక్కయ్యనూ బావగారినీ అడిగానని చెప్పు.

నీ మామయ్య