అమ్మలూ, ఆ ఎనభై కాలమ్‌లు తగ్గించు

అమ్మలూ,

నువ్వు పంపిన షీట్ రాత్రి కూర్చుని మొత్తం చూశాను. ఏ కంపెనీ అప్పు ఎగ్గొడుతుందో ముందే అంచనా వేసే నీ డిఫాల్ట్ మోడల్‌కి ఇరవై ఆర్థిక సూచికలు, ఒక్కోదానికి నాలుగు త్రైమాసికాల లాగ్‌లు (వెనకటి విలువలు), అంటే ఎనభై కాలమ్‌లు. నీ డేటా పదిహేనేళ్ళది, త్రైమాసికానికి ఒకటి చొప్పున అరవై వరసలే. ఇలా పెడితే ఏదో ఒకటి అతుక్కుంటుంది, పాత డేటాకి మోడల్ ఎంత బాగా అతికిందో చెప్పే ఆర్ స్క్వేర్ అదిరిపోతుంది, వచ్చే ఏడాది అదే మోడల్ చేతులెత్తేస్తుంది. మూడు, మహా అయితే నాలుగు ఉంచు.

ఏవి ఉంచాలో తెలియాలంటే అప్పు తీసుకున్నవాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. గుంటూరులో పనిచేసినప్పుడు నేనొక స్పిన్నింగ్ మిల్లు ఖాతా చూసేవాణ్ణి. 2011 మొదట్లో పత్తి ధర మండిపోయింది, ఇంకా పెరుగుతుందని మిల్లువాళ్ళు గోడౌన్ నింపుకున్నారు, కొన్ని నెలల్లోనే ధర కుప్పకూలింది, ఖరీదు పెట్టి కొన్న పత్తితో తీసిన నూలు చవగ్గా అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ మరుసటేడు పవర్ హాలిడేలు. దేశం జీడీపీలో ఆ మిల్లు కష్టం కనపడదు, పత్తి ధరకీ నూలు ధరకీ మధ్య తేడాలో కనపడుతుంది. ఫైల్లో ఉన్న కరెంటు బిల్లుల్లో అయితే ఇంకా ముందే కనపడింది. యూనిట్లు నెలనెలా తగ్గుతూ వచ్చాయి, వాయిదా తప్పింది ఆ తర్వాతే. నేను బిల్లు కట్టారా లేదా అని చూశానే గానీ యూనిట్లు చదవలేదు, ఆ బాధ నాకింకా ఉంది. అందుకే చెప్తున్నా, రొయ్యల ఎగుమతులకి డాలరు రేటూ అమెరికా సుంకాలూ, సిమెంటుకి బట్టీల్లో కాల్చే బొగ్గు, పెట్‌కోక్ ధరలు, ఇలా రంగాన్ని బట్టి ఒకటి తీసుకో. అందరికీ కలిపి వడ్డీ రేటు, డిమాండ్‌ని చూపే సూచిక ఒకటి.

తేదీలు కూడా సరిచూసుకో. పారిశ్రామికోత్పత్తి సూచిక నెల అయిపోయిన వారాల తర్వాత గానీ రాదు, నువ్వేమో అదే నెల పక్కన పెట్టావు. అంకెలు తర్వాత మారతాయి కూడా: 2013-14 జీడీపీ వృద్ధి పాత లెక్కలో 4.7 శాతం, 2015 జనవరిలో లెక్కకి ఆధారమైన బేస్ సంవత్సరం మార్చాక 6.9. అప్పు ఇచ్చే రోజున బల్ల మీద ఏ అంకె ఉందో అదే వాడాలి.

షేరు ధర, దాని ఊగిసలాట లిస్టెడ్ కంపెనీలకి బాగా పనికొస్తాయి. బాండ్ స్ప్రెడ్‌లని (ప్రభుత్వ బాండ్ల కన్నా కంపెనీ బాండ్ల మీద ఎక్కువగా వచ్చే వడ్డీని) మాత్రం అమెరికా పేపర్లు చూసి ఎత్తుకు రాకు. మన దగ్గర చేతులు మారేవి ఎక్కువగా ట్రిపుల్ ఏ, డబుల్ ఏ లాంటి పై రేటింగుల బాండ్లే, కింది రేటింగుల ధరలు చాలావరకు అంచనాలే. ఇంకోటి, ప్లస్ రావాల్సిన చోట మైనస్ వచ్చి గుర్తు తిరగబడగానే సూచిక తీసేయకు. అమెరికా కంపెనీల మీద 2007లో వచ్చిన ఒక పేరున్న అధ్యయనంలో స్వల్పకాలిక వడ్డీ పెరిగితే డిఫాల్ట్ తగ్గినట్టు తేలింది, ఎందుకంటే అక్కడ వడ్డీ పెంచేది వ్యాపారాలు జోరుగా ఉన్నప్పుడు. నీ డేటాలో కూడా అదే జరుగుతోందేమో చూడు.

నాకు అన్నిటికన్నా టెన్షన్ నీ డిఫాల్ట్ కాలమ్ గురించే. 2015లో రిజర్వ్ బ్యాంక్ ఆస్తుల నాణ్యత సమీక్ష, అంటే బ్యాంకులిచ్చిన అప్పులు నిజంగా ఎలా ఉన్నాయో తనిఖీ, మొదలుపెట్టాక, ఎప్పుడో పాడైన అప్పులెన్నో ఆ తర్వాతి రెండు మూడేళ్ళలో ఎన్‌పీఏలుగా (మొండి బాకీలుగా) బయటపడ్డాయి, 2018 మార్చికి స్థూల ఎన్‌పీఏలు బ్యాంకుల మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి. 2020లో ఇది తలకిందులైంది. ఏప్రిల్-జూన్‌లో జీడీపీ దాదాపు నాలుగో వంతు పడిపోయింది, కానీ మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకునే వీలిచ్చిన మారటోరియం, ఆపైన ఎన్‌పీఏగా రాయొద్దని సుప్రీంకోర్టు ఉత్తర్వు, అది 2021 మార్చి దాకా. ఇదంతా యథాతథంగా పోస్తే, జీడీపీ పడితే డిఫాల్టులు తగ్గుతాయని మోడల్ నేర్చుకుంటుంది తల్లీ! 2015-18 ఖాతాలకి ఎన్‌పీఏ అయిన తేదీ వదిలేసి, మొదటిసారి వాయిదా తప్పిన తేదీ గానీ రేటింగ్ పడిన తేదీ గానీ వెతికి పెట్టు. మారటోరియం ఏడాదిని విడిగా గుర్తుపెట్టి శిక్షణలోంచి తీసెయ్.

ముందు ఈ తేదీల పని కానివ్వు, సూచికల జోలికి తర్వాత వెళ్దాం. ఆదివారం పొద్దున ఖాతాల జాబితా ముందు పెట్టుకుని ఫోన్ చెయ్యి, పత్తి మిల్లులు ఒక్కొక్కటీ నేను నీతో కూర్చుని చూస్తాను.

మీ మామయ్య